పెదవులు కలిసిన మాట

డబ్బింగ్‌లో చేరాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు చిక్కడపల్లిలో మా ఇంటికి వస్తుంటారు. మెట్లెక్కి వచ్చి, మంచినీళ్లు తాగి, దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "సార్, గొంతు బాగుంటే చాలా?"

చాలదు. గొంతు బాగున్నవాళ్లు ఈ ఊళ్లో ప్రతి బస్సులోనూ కనిపిస్తారు. డబ్బింగ్ అంటే ఇంకొకరి పెదవుల మధ్య మనకు చోటు వెతుక్కోవడం. ఆ చోటు ఎంతుందో చూడటం వస్తే గొంతు మెల్లగా దారిన పడుతుంది.

నేను చాలా ఏళ్లు డబ్బింగ్ ఇన్‌ఛార్జ్‌గా పనిచేశాను. ఏ పాత్రకు ఎవరి గొంతు పెట్టాలో చూడటం, చీకట్లో పక్కన నిలబడి మాట అందించడం, రాసిన మాట తెరమీది పెదవులకు సరిపోకపోతే అర్థం చెడకుండా ఇంకో మాట వెతకడం నా పని. ఎప్పుడు చేరాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇక్కడ రాయను, అవి ఎవరికీ పనికిరావు. ఊహ తెలిసిన నాటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. ఆ డైరీల్లో వానలున్నాయి, ఆలస్యంగా వచ్చిన బస్సులున్నాయి, ఆ పూట తిన్న కూరలున్నాయి. గొంతులు మాత్రం లేవు. అవి కాగితానికి ఎక్కవు. అందుకే డైరీలు పక్కన పెట్టి, చెవిలో మిగిలింది రాస్తున్నాను. ఎక్కువగా ఒక సినిమా గురించి, అందులోనూ ఒక మాట గురించి. సినిమా పేరు రాయను. తెలిసినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

చీకటి గది

మా డబ్బింగ్ థియేటర్ నారాయణగూడలో ఒక పాత మేడమీద ఉండేది. అప్పటికి ఫ్లైఓవర్ లేదు. కింద మార్కెట్టు గోల, ఆటోల గోల. తలుపు మూసి లోపలికి వస్తే అదంతా నీళ్లలో మునిగినట్టు ఆగిపోయేది. గోడలకు చిల్లుల అట్టలు, మధ్యలో ఒక మైకు, ఎదురుగా చిన్న తెర.

ఇప్పటి పిల్లలకు లూపు అంటే తెలియదు. ఒక్కో సంభాషణ ఉన్న ఫిల్ము ముక్కను కత్తిరించి, రెండు కొసలూ అతికించి, ఉంగరంలా చేసేవాళ్లం. అది మిషన్‌లో తిరుగుతూనే ఉండేది. తెరమీద అదే అమ్మాయి, అదే మెట్లు, అదే నవ్వు. దిగేది, నవ్వేది, మళ్లీ పైమెట్టు మీద ఉండేది. మాట కుదిరేదాకా ఆమెకు కిందికి చేరే వీలు లేదు. కొన్ని రోజులు ఇంటికి పోయి కళ్లు మూసుకుంటే ఆ మెట్లే కనిపించేవి. ఎవరో కంటున్న కలలోకి బయటి నుంచి గొంతు పంపడమే మా ఉద్యోగం అనిపించేది.

అద్దం వెనక సౌండ్ రికార్డిస్టు ఖలీల్ సాబ్ కూర్చునేవాడు. మాది ఒకే బస్తీ. మాట కుదరకపోతే ఏమీ అనేవాడు కాదు, లూపు ఇంకోసారి తిప్పేవాడు. కుదిరితే మాత్రం చిన్న స్పీకరులోంచి మెల్లగా, "బస్, ఇదే" అనేవాడు, ఇక చాలన్నట్టు. ఆ రెండు మాటలు వినడానికి పెద్ద పెద్ద ఆర్టిస్టులు గొంతెండిపోయేదాకా నిలబడటం నేను చూశాను.

ఒకే ఇల్లు, రెండు భాషలు

ఆ సినిమా ప్రేమకథ. కృష్ణా తీరం నుంచి చదువుకోవడానికి వచ్చిన అబ్బాయి, హైదరాబాదులో పుట్టి పెరిగిన అమ్మాయి. అమ్మాయి వాళ్ల ఇల్లు బర్కత్‌పురలో. నిజంగా అక్కడి ఇంట్లోనే తీశారు. పెంకుల వసారా, పెరట్లో జామచెట్టు, దండెం మీద ఆరేసిన చీరల వెనక వాళ్ల మొదటి మాటలు. ఇప్పటికీ ఆ వెలుతురు నాకు ఇష్టం. మా ఇళ్లను అంత ప్రేమగా తెరమీద చూపించినవాళ్లు అంతకుముందు లేరు.

చిక్కు మాటలు మొదలయ్యాకే. అమ్మాయి తండ్రి బట్టల దుకాణదారు. ఆయన పాత్ర హాస్యనటుడికి ఇచ్చారు. ఆయన నోట్లో మన తెలంగాణ మాట పెట్టారు: ఏందిర బై, గట్లెట్లయితది. ఇంట్లో పనిమనిషిదీ అదే మాట. కూతురు మాత్రం "నాన్నగారూ, మీరలా అనడం భావ్యం కాదు" అంటుంది. అదే ఇల్లు, అదే కంచం, అదే జామచెట్టు. ఒక్క అమ్మాయే ఎక్కడి నుంచో దిగివచ్చినట్టు.

పక్కింటి ముసలాయన ఒక ముస్లిం పెద్దమనిషి. ఆయనకు రాసిన తెలుగు ముక్కలు ముక్కలుగా ఉండేది, చివర్లో ప్రేమికుల కోసం ప్రాణాలిచ్చేవాడు. ఆ లూపులు తిరుగుతుంటే ఖలీల్ సాబ్ అద్దం వెనక నుంచి నన్ను పిలిచాడు.

"రాజేశం భాయ్, జర ఇటు రా. ఈయన ఏ ఊరాయన?"

"బర్కత్‌పుర అని రాసిండ్రు సాబ్."

"మా నానీ, అమ్మ వాళ్లమ్మ, బర్కత్‌పురనే. ఇట్ల మాట్లాడితే చెంప పగలగొడ్తుండె. తెలుగులో పద్యాలు చదువుతుండె ఆమె. పైగా మంచిగ బతికింది, ఎవ్వల కోసం చావలే."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి మళ్లీ పనిలో పడ్డాం.

డైరెక్టర్ గారు చెడ్డవాడు కాదు. పనిలో ఆయన దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. మాటకు ముందు ఊపిరి వినబడాలని, ఊపిరే సగం మాట అని చెప్పింది ఆయనే. తండ్రీకూతుళ్ల భాష సంగతి ఒకరోజు టీ తాగుతూ అడిగాను.

"హీరోయిన్ అంటే అందరి అమ్మాయి కదయ్యా రాజేశం," అన్నారు. "ఒక జిల్లా అమ్మాయి కాదు."

ఇంటికి నడిచి వస్తుంటే, నారాయణగూడ చౌరస్తా దాటాక జవాబు తట్టింది. ఆ అందరి అమ్మాయి మాట్లాడేది కూడా కృష్ణా, గుంటూరు రెండు జిల్లాల భాషే కదా.

సుగుణ

హీరోయిన్ బొంబాయి అమ్మాయి. తెలుగు రాదు. ఆమెకు గొంతు కావాలి. నేను సుగుణ పేరు చెప్పాను.

సుగుణది సిద్దిపేట దగ్గర పల్లె. అశోక్‌నగర్‌లో ఇంకో నలుగురు ఆడపిల్లలతో గది కిరాయికి తీసుకుని సర్కారు పరీక్షలకు చదువుకుంటూ, తీరిక దొరికినప్పుడు మా దగ్గర గుంపు గొంతులకు వచ్చేది. పెళ్లిలో పది మంది ఆడవాళ్లు, సంతలో గొడవ, పనిమనిషి, పూలమ్మి. ఆమె గొంతు ఎండాకాలం సాయంత్రం తడిపిన ముంగిలిలా ఉండేది. పూలమ్మితో ఆగిపోవలసిన గొంతు కాదది.

డైరెక్టర్ గారు విన్నారు. కళ్లు మూసుకుని విన్నారు. "గొంతు ఇదే. కానీ అమ్మాయీ, నీ ఊరు ఎక్కడా వినబడకూడదు. ఒక్కచోట వినబడినా గొంతు మార్చేస్తాను. తెలిసిందా?" అన్నారు.

"తెలిసింది సార్," అంది సుగుణ. ఆయన వెళ్లగానే నా వైపు తిరిగి, "అన్నా, మా ఊరు వినబడకుంటె నేనెట్ల వినబడ్త?" అంది. తమాషాగానే అంది.

మొదటి రోజు ఇంకో సమస్య. మైకు ముందు చెయ్యి కదిపితే గాజులు గలగలమంటాయి. తీసి పక్కన పెట్టమన్నాను. తీయనంది. "ఉత్త చేతులుంటె మా అమ్మ ఊకోదన్నా." ఖలీల్ సాబ్ లోపలి నుంచి వచ్చి, తన కర్చీఫు ఇచ్చి, గాజుల మీదుగా మణికట్టుకు చుట్టుకొమ్మన్నాడు. చప్పుడు పోయింది, గాజులు ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆమె మైకు ముందుకు వచ్చిందంటే ముందు కర్చీఫు చుట్టుకునేది. పంటితో ముడి బిగించేది. అప్పుడిక అందరం మాటలు ఆపేవాళ్లం.

'ళ'లు, 'ణ'లు దిద్దుకుంది. 'వస్తున్న'ను 'వస్తున్నాను' చేసుకుంది. మాట చివర సాగదీయడం నేర్చుకుంది. గదిలో వంట చేసుకుంటూ కూడా అదే మాట్లాడేదట. ఆ మధ్యలో ఒకసారి వాళ్ల నాన్న బియ్యం మూట దించిపోవడానికి వచ్చాడు. "కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను" అందట. ఆయన గుమ్మంలోనే నిలబడి వెనక్కి తిరిగి చూశాడట. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా? నా ఎనక ఎవలన్న ఉన్నరా?"

చెప్పి చెప్పి నవ్వింది. ఆ నవ్వు చివర గొంతు కొంచెం జారింది. అది నేను విన్నాను, చెవులే నా ఉద్యోగం కాబట్టి.

రైలు కదిలే లూపు

చివరి ఘట్టం కాచిగూడ స్టేషన్లో. అమ్మాయి తండ్రిని కాదని అబ్బాయితో రైలెక్కుతుంది. రైలు కదులుతుంది. అప్పుడు జనంలోంచి తండ్రి వస్తాడు, చేతిలో ఆమె చలికోటు. తిట్టడానికి రాలేదు, కోటు ఇవ్వడానికి వచ్చాడు. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి పిలుస్తుంది. ముఖం తెర నిండా ఉంటుంది. ఒక్కటే మాట.

కాగితంలో ఉన్న మాట 'నాన్నగారూ'.

సుగుణ అంది. లూపు తిరిగింది. మళ్లీ అంది. ఖలీల్ సాబ్ మాట్లాడలేదు. మళ్లీ తిరిగింది. ఎంత చేసినా కుదరదు. నేను తెర దగ్గరికి పోయి నిలబడి ఆ పెదవులు చూశాను.

మీకు పనికొచ్చే సంగతి ఇక్కడ చెబుతాను. అక్షరాల్లో ప, బ, మ లాంటివి పెదవులు కలిస్తేనే పలుకుతాయి. మిగతావి ఎలాగైనా సర్దవచ్చు, వీటిని దాచలేం. 'నాన్నగారూ'లో పెదవులు ఒక్కసారి కూడా కలవవు. తెరమీద అమ్మాయి పెదవులు మాత్రం కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి, చివర సున్నాలా ముడుచుకున్నాయి. షూటింగులో గుర్తు కోసం రికార్డు చేసిన పైలట్ ట్రాకు పెట్టి విన్నాం. అందులో రైలు కూత తప్ప ఏమీ లేదు.

"మామా అని ఉంటుందా?" అన్నారు డైరెక్టర్ గారు.

"తండ్రిని మామా అంటదా సార్? కథ మారిపోతది," అన్నాడు ఖలీల్ సాబ్.

"పోనీ, బాబూ?"

"కూలీని పిలిచినట్టుంటది."

అందరం నవ్వుతున్నాం. సుగుణ నవ్వలేదు. తెరవైపే చూస్తోంది. లూపు తిరుగుతోంది, ఆ ముఖం మళ్లీ మళ్లీ వస్తోంది, పోతోంది. సుగుణ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి.

"అన్నా," అంది నాతో, మెల్లగా. "ఆమె బాపూ అంటున్నది."

డైరెక్టర్ గారు అసిస్టెంటును పిలిపించి అడిగారు. అతను తల గోక్కున్నాడు. బర్కత్‌పురలో షూటింగ్ జరిగిన ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉండేదట. ఆ పిల్ల రోజంతా 'బాపూ, బాపూ' అని తండ్రి వెంట తిరిగేదట. బొంబాయి అమ్మాయికి ఆ పిల్లంటే ప్రాణం. ఈ ఇంటి ఆడపిల్ల తండ్రిని ఎలా పిలుస్తుందో ఆమె పుస్తకంలో చూడలేదు, ఆ పిల్ల నోట్లో చూసింది. రైలు కూతలో ఎవరూ పట్టించుకోలేదు.

మళ్లీ తీయడానికి స్టేషన్ దొరకదు, ఆ అమ్మాయి దొరకదు. డైరెక్టర్ గారు నుదురు పట్టుకున్నారు. "నవ్వుతారయ్యా," అన్నారు. "ఇంత ఏడిపించి, చివరికి నవ్వుల పాలు చేస్తే నా సినిమా పోతుంది. సుగుణ కూడా పోతుంది, ఆమెకు ఇంకెవరూ హీరోయిన్ గొంతు ఇవ్వరు. ఆలోచించుకోండి."

సుగుణ కర్చీఫు ముడి బిగించుకుంటోంది. "ఒక్కసారి చెప్త సార్. వద్దంటె తీసేయుండ్రి."

లూపు తిరిగింది. రైలు కదిలింది. చలికోటు పట్టుకున్న చెయ్యి దూరమవుతోంది. సుగుణ పిలిచింది.

అప్పటిదాకా ఆ సినిమాలో ఆమె ఎంత బాగా మాట్లాడినా, అది ఇంకొకరి గదిలో జాగ్రత్తగా నడవడం లాంటిది. ఈ మాట దగ్గర చెప్పులు విడిచి తన ఇంట్లోకి వచ్చినట్టయింది. లూపు రెండు మూడు సార్లు ఊరికే తిరిగింది.

స్పీకరులోంచి ఖలీల్ సాబ్ గొంతు వినిపించింది. "బస్, ఇదే."

డైరెక్టర్ గారు లేచి బయటికి వెళ్లిపోయారు. వద్దనలేదు.

మొదటి ఆట

విడుదల రోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి ఆటకు వెళ్లాం. డైరెక్టర్ గారు, పంపిణీదారులు పైన బాల్కనీలో. నేను, సుగుణ, సిద్దిపేట బస్సు దిగి నేరుగా వచ్చిన ఆమె తండ్రి, కింద బెంచీల్లో. ఆయన తెల్ల ధోవతి కట్టుకుని, భుజాన కండువా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. కూతురు గొంతు వినడానికి వచ్చాడు. ఆ రోజు సుగుణకు కావలసింది కూడా అదొక్కటే, ఆయన ఆ గొంతును గుర్తుపట్టాలి.

హీరోయిన్ మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏది బిడ్డా నీ గొంతు?"

"గదే బాపూ. ఆమె మాట్లాడేదంత నేనే."

ఆయన కాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "ఆమె వేరే ఉన్నది. నువ్వెప్పుడొస్తవ్?"

"నేనే బాపూ."

"మంచిగనే ఉన్నది తియ్. గని నువ్వు గాదు."

సినిమా సాగింది. తండ్రి పాత్ర నోరు తెరిచినప్పుడల్లా హాలు నవ్వింది. ఏందిర బై అంటే నవ్వు, గట్లనా అంటే నవ్వు. సుగుణ తండ్రి కూడా నవ్వాడు. ఒకసారి నావైపు వంగి, "మనోడు గదా, అందుకే నవ్వుతుండ్రు," అన్నాడు. అది ఫిర్యాదో, గర్వమో నాకు ఇప్పటికీ తెలియదు.

రైలు కదిలింది. తెర నిండా ఆ ముఖం. పెదవులు కలిశాయి.

"బాపూ!"

నా పక్కన ఆయన ఉలిక్కిపడి సగం లేచాడు. కండువా జారింది. చీకట్లోకి, ఆ పెద్ద ముఖంలోకి చూస్తూ గట్టిగా అన్నాడు: "ఆఁ బిడ్డా! ఈడనే ఉన్న!"

హాలు గొల్లుమంది.

చెడ్డ నవ్వు కాదు. చుట్టుపక్కల వాళ్లు ఆయన్ను చూసి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. ముందు బెంచీలో ఒకామె వెనక్కి తిరిగి, "కూసో పెద్దాయన, బండి పోయింది," అంది. సుగుణ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె ముఖం నేను చూశాను. సినిమాలో అంత వెలుతురు లేదు.

బాల్కనీ వాళ్లకు ఇదేమీ కనబడలేదు. మాట వినబడింది, వెంటనే నవ్వు వినబడింది. అంతే.

ఆట అయ్యాక నేను పరుగున పైకి పోయి జరిగింది చెప్పాను. డైరెక్టర్ గారు ఓపిగ్గా విన్నారు. ఆయన కళ్లు కూడా తడిశాయి. అయినా అన్నారు: "ముసలాయన సంగతి నిజమేనయ్యా. కానీ రేపు గుంటూరులో జనం నవ్వితే, అక్కడ ఎవరి నాన్న కూర్చుంటాడు?"

మద్రాసులో తర్వాతి విడత ప్రింట్లు తీసేటప్పుడు ఆ మాట తీసేశారు. ఇంకో ఆర్టిస్టు చేత 'నాన్నగారూ' అనిపించి అతికించారు. ఆ పనికి మమ్మల్ని పిలవలేదు. మొదటి ప్రింట్లు ఆడి ఆడి అరిగిపోయాయి. వాటితోపాటే సుగుణ మాట పోయింది.

సిద్దిపేట ప్రింటు

కొన్నాళ్లకు సినిమా సిద్దిపేటకు వచ్చింది. సుగుణ తండ్రి ఊళ్లో వాళ్లను వెంటబెట్టుకుని పోయాడు. నా బిడ్డ నన్ను సినిమాల పిలుస్తది, చూడుండ్రి, అని అందరికీ చెప్పుకున్నాడు. రైలు కదిలేటప్పుడు పక్కవాళ్లను గట్టిగా పట్టుకుని, "ఇగో, ఇప్పుడు పిలుస్తది," అన్నాడట.

పిలవలేదు. తెలియని గొంతు ఎవరో 'నాన్నగారూ' అంది.

తర్వాత బియ్యం మూటతో వచ్చినప్పుడు ఆయన కూతుర్ని అడిగాడట, కోపం లేకుండా: "మల్ల పిలువలేదేంది బిడ్డా?"

సుగుణ ఇది మా థియేటర్ మెట్ల మీద కూర్చుని చెప్పింది. తర్వాత ఆమెకు హీరోయిన్ గొంతు ఎవరూ ఇవ్వలేదు. పూలమ్మి, పనిమనిషి పాత్రలకు పిలిచారు, ఆమే రానంది. పరీక్ష పాసై సర్కారు ఉద్యోగంలో చేరింది. చివరి రోజు ఖలీల్ సాబ్‌కు కర్చీఫు ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వబోయింది. "ఉండనియ్ బేటీ," అన్నాడాయన. "గాజులున్నన్ని రోజులు పనికొస్తది."

ఒక మాట నవ్వొచ్చే మాట ఎలా అవుతుందో ఆలోచించండి. పుట్టుకతో ఏ యాసకూ నవ్వు అతికి ఉండదు. దొంగకు, తాగుబోతుకు, పనిమనిషికి, వెర్రి తండ్రికి ఏళ్ల తరబడి అదే మాట ఇస్తూ పోతే, చివరికి ఒక కూతురు తండ్రిని పిలిచినా జనం నవ్వుతారేమోనని అందరికీ భయం పట్టుకుంటుంది. ఆ భయమే కత్తెర పట్టుకుంటుంది. ఇప్పుడు మన మాట మాట్లాడే హీరోయిన్లు వచ్చారు, సంతోషం. కానీ ఈ మధ్య ఒక డబ్బింగ్‌లో ఆదివాసీ పిల్ల పాత్రకు ముక్కలు ముక్కలుగా మాటలు రాసిన కాగితం చూశాను. ఖలీల్ సాబ్ ఉంటే "ఈమె ఏ ఊరామె?" అని అడిగేవాడు. మీరు అడగండి.

అదే తెర

ఈ మధ్య పాత సినిమాలను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తున్నారు కదా. ఈ సినిమా కూడా వచ్చింది. సుగుణ ఫోన్ చేసింది. రిటైరై మనవరాళ్లతో ఉంటోంది. ఆమె తండ్రి పోయి చాలా కాలమైంది, ఖలీల్ సాబ్ కూడా.

"అన్నా, మన సినిమా పడ్డది. పోదామా?"

"ఆ చివరి సీను చూడగలవా తల్లీ?"

"గప్పుడు లేచి బయటికి పోత తియ్. మిగతాదంత మంచిగనే ఉంటది."

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోనే, మధ్యాహ్నం ఆట. హాలంతా అశోక్‌నగర్ పిల్లలు. లైబ్రరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చాలామంది ఒళ్లో పుస్తకాల సంచులు. పల్లెల నుంచి వచ్చి, గదులు కిరాయికి తీసుకుని, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే పిల్లలు. ఒకప్పటి సుగుణలు.

తెరమీద బర్కత్‌పుర వెలిగింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ అపార్టుమెంటు ఉంది. జామచెట్టు, దండెం, చీరల మీద పడ్డ ఎండ మాత్రం కడిగినట్టు కొత్తగా ఉన్నాయి. కల ముసలిదవదని తోచింది. హీరోయిన్ మాట్లాడగానే మా వెనక ఒక కుర్రాడు, "ఏందిర బై, అయ్య తెలంగాణ, బిడ్డ ఆంధ్రానా?" అన్నాడు. వాడి స్నేహితుడు, "దత్తత తెచ్చుకున్నట్టున్నరు రా," అన్నాడు. సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా కాలంలో బాల్కనీ దాకా పోయి అడగలేకపోయిన ప్రశ్న వీళ్లు పల్లీలు తింటూ అడిగేశారు. తండ్రి మాటలకు ఆ రోజు నవ్విన చోట ఈ పిల్లలు పెద్దగా నవ్వలేదు. వాళ్ల ఇంట్లో రోజూ వినే మాటలే అవి.

స్టేషన్ వచ్చింది. జనం, పొగ, రైలు కూత. సుగుణ సంచి తెరిచింది. బయటికి పోవడానికి సర్దుకుంటోందనుకుని నేను కాళ్లు పక్కకు తీశాను. ఆమె సంచిలోంచి కర్చీఫు తీసింది. అంచులు అరిగిన పాత కర్చీఫు. గాజుల మీదుగా మణికట్టుకు చుట్టుకుంది. పంటితో ముడి బిగించింది.

నేను మాట్లాడలేదు. అలవాటు.

ఆమె లేచి నిలబడింది. వెనక నుంచి ఎవరో, "అమ్మా, కనబడ్తలేదు, జర కూసోండ్రి," అన్నారు. ఆమె కదల్లేదు. రైలు కదిలింది. చలికోటు పట్టుకున్న చెయ్యి దూరమవుతోంది. తెర నిండా ఆ ముఖం. పెదవులు విడిపోవడానికి ముందు సుగుణ ఊపిరి తీసుకోవడం విన్నాను.

"బాపూ!"

స్పీకర్లలోంచి 'నాన్నగారూ' వచ్చింది. కానీ తెరమీది పెదవులు దాని వెంట వెళ్లలేదు. కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి, చీకట్లో నిలబడ్డ ముసలామె గొంతుతో వెళ్లాయి. గొంతు కొంచెం బీటలు వారింది. చోటు మాత్రం తప్పలేదు.

వెనక వరసలో కుర్రాడు, "అరె, బాపు అన్నది రా నిజంగ! పెదవులు చూడు!" అన్నాడు. ఎక్కడో ముందు బెంచీల్లోంచి ఇంకొకడు, కొంటెగా, ముసలి గొంతు పెట్టి అరిచాడు:

"ఆఁ బిడ్డా!"

హాలు గొల్లుమంది. అదే నవ్వు.

సుగుణ మెల్లగా కూర్చుంది. నవ్వుతోంది, కర్చీఫు ముడి విప్పడానికి చూస్తోంది, ముడి రావడం లేదు. నేను చెయ్యి చాపి విప్పాను. గాజులు గలగలమన్నాయి.

అద్దం వెనక కూర్చునేవాడు ఇప్పుడు లేడు కాబట్టి ఆ మాట నేనే అన్నాను.

"బస్, ఇదే."